నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడానికి ఇకపై వేరే బిల్లు

అనంతపురంలోని మా షెడ్డుకు కార్లు తెచ్చే అందరికీ నమస్కారం. కారులోకి నీళ్లు దిగుతున్నాయంటూ వచ్చే పనులకు ఈ నెల నుంచి రెండు బిల్లులు ఉంటాయి. నీరు వచ్చే దారి వెతికినందుకు ఒకటి, ఆ దారి మూసినందుకు మరొకటి. చాలాసార్లు మొదటిదే పెద్దది. "రబ్బరు ముక్క అతికించడానికి ఇంత డబ్బా?" అని కొందరు ఇప్పటికే ముఖం మీదే అడిగారు. అడగడం న్యాయమే. అందుకే లెక్క విప్పి చెబుతున్నాను.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండగలకు 44వ నంబరు జాతీయ రహదారి మీద సొంత ఊరికి వచ్చే పిల్లల్లో కొందరు ఈమధ్య పాత స్పోర్ట్స్ కార్లు కొంటున్నారు. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, తలుపు అద్దానికి చుట్టూ చట్రం ఉండదు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కాదనను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో కారులోకి నీళ్లేమిటని నవ్వేవాళ్లున్నారు. వాన తక్కువ కావడమే ఇక్కడ చిక్కు. నెలల తరబడి ఎండకు బీడింగు, అంటే తలుపులు, అద్దాల అంచున ఉండే రబ్బరు పట్టీ, గట్టిపడుతుంది, పగుళ్లు బారుతుంది. నీరు పోవాల్సిన రంధ్రాల్లో దుమ్ము, వేపాకు చేరి గడ్డకడతాయి. పరీక్షించే వాన లేదు కాబట్టి ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో ఒక రాత్రి గట్టిగా కురిస్తే అన్నీ కలిపి బయటపడతాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని రైతులు ఆకాశం వైపు చూసే ఆ కార్తెలోనే మా షెడ్డు ముందు కార్లు వరుస కడతాయి. వాన పడితే రైతుకూ నాకూ ఇద్దరికీ పనే.

వెతకడం ఎందుకు కష్టమంటే, తడి కనిపించిన చోట చిల్లు ఉండదు. పాత మట్టి మిద్దె కారినప్పుడు చూసినవారికి ఇది తెలుసు: చుక్క వంటింట్లో పడుతుంది, చిల్లు వసారా మీద ఉంటుంది. కారులో నీరు ముందు అద్దం మూల దగ్గర దూరి, డ్యాష్‌బోర్డు వెనుక వైరింగును పట్టుకుని జారి, కార్పెట్ కింద సీటు దాకా పోగలదు. కారును ఇంటి ముందు ఏ వాలులో నిలుపుతారో దాన్ని బట్టి కూడా తడి చోటు మారుతుంది. అందుకే మొదట ఆ సంగతే అడుగుతాం.

తరువాత అది వాన నీరేనా అని తేల్చుకుంటాం. వాన లేకపోయినా, ఏసీ వేసిన రోజే ముందు సీటు దగ్గర తడిస్తే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. తియ్యటి వాసన, ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డు పొర కనిపిస్తే అది కూలెంట్, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. హీటర్ వైపు చూడాలి. ఈ రెండూ కాకపోతేనే నీళ్ల గొట్టం చేతికి తీసుకుంటాం.

సీట్లు, కార్పెట్ తీసి లోపల పూర్తిగా ఆరబెడతాం. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చుంటారు, మరొకరు బయటి నుంచి సన్నటి ధారతో కింది నుంచి మొదలుపెట్టి పైకి వస్తారు. పైన మొదలుపెడితే నీరు అన్ని చోట్లా పారి, ఏది ఎక్కడ దూరిందో తెలియదు. ఒక్కో చోట ధార పెట్టి ఓపికగా నిలబడాలి. వాటర్ సర్వీసు ప్రెషర్ గన్‌తో ఐదు నిమిషాల్లో తేల్చవచ్చు కదా అంటారు. ఆ ఒత్తిడికి మంచి బీడింగు కూడా నీరు వదులుతుంది, లేని లీకును చూపిస్తుంది. అనుమానం ఉన్న బీడింగు మీద సుద్దపొడి రాసి తలుపు మూసి తెరుస్తాం. పొడి అంటని చోట రబ్బరు ఆనడం లేదని అర్థం. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారిందా, పట్టు ఉందా అన్నది కూడా తెలిసిపోతుంది. మన బోరు నీటి ఉప్పదనం ఇక్కడ మేలు చేస్తుంది. బోరు నీటితో కడిగే కారైతే, నీరు పారిన దారిలో ఆరిన తెల్లటి చార చాలాసార్లు చిల్లు దాకా తీసుకెళుతుంది.

ఇంత వెతికాక దొరికేవి మాత్రం చిన్నవే. తలుపు లోపలికి నీరు రావడం తప్పు కాదు, అద్దం వెంట దిగి అడుగు రంధ్రాల నుంచి పోవాలి. డోర్ ప్యాడ్ వెనుక ఉండే పల్చటి పొర ఆ నీటిని క్యాబిన్‌లోకి రానివ్వదు. కొత్త స్పీకర్లు బిగించేటప్పుడు ఆ పొరను చించి, మళ్లీ అతికించకుండా వదిలేస్తారు. కొత్త బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) అతికిస్తే పని అయిపోతుంది. అలాగే చట్రం లేని అద్దాలున్న చాలా కార్లలో తలుపు తీయగానే అద్దం కొద్దిగా దిగి, మూశాక పైకి లేచి బీడింగులో కూర్చుంటుంది. బ్యాటరీ మార్చాక అద్దం తన పై హద్దును మరచిపోయి ఆ కొద్ది ఎత్తు లేవకపోవచ్చు. స్విచ్చి పట్టుకుని అద్దాన్ని పూర్తిగా దించి, పూర్తిగా లేపి, కాసేపు నొక్కి ఉంచితే చాలా మోడళ్లలో సరిపోతుంది. దీనికి రెండో బిల్లు వేయం. కానీ అది అద్దం తప్పేనని తేలడానికి ముందు పని ఉంది చూడండి, దానికే మొదటి బిల్లు.

గుడ్డ టాపు కార్ల సంగతి వేరు, ఇక్కడ ఆలస్యం చేయవద్దు. టాపు మడుచుకునే చోట చేరే నీటికి ప్రత్యేకంగా దారులు ఉంటాయి. అవి ఆకులతో మూసుకుపోతే నీరు పొంగి క్యాబిన్‌లోకి వస్తుంది. 1996 నుంచి 2004 వరకు తయారైన మొదటి తరం పోర్షా బాక్స్‌స్టర్‌లో తాళం, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుండా కారు స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) చూసుకునే కంట్రోల్ యూనిట్ సీటు కింద నేల మీదే ఉంటుంది. అది తడిస్తే కారు స్టార్ట్ కాకపోవచ్చు. ఇలాంటి కారులో నేల తడిగా కనిపిస్తే ఇగ్నిషన్ వేసి చూడకండి, టో చేయించి తెప్పించండి. బ్యాటరీ తీయడం దగ్గర నుంచి మేము చూసుకుంటాం. ఆ దారుల్లోకి కంప్రెసర్ గాలి కొట్టించవద్దు, లోపల గొట్టం జాయింటు ఊడితే నీరు నేరుగా బాడీలోకి పోతుంది. మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా తీస్తే చాలు.

ఇక సిలికాన్. "అంత వెతకడమెందుకు, చుట్టూ సిలికాన్ పూసేయండి" అనే కోరికను ఇకపై ఒప్పుకోం, డబ్బు ఎంత ఇచ్చినా సరే. వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, పెయింటు లేచిన చోట ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆపైన దాని మీద పెయింటు గానీ, సరైన సీలెంటు గానీ పట్టదు. వేరే చోట పూసి పంపిన కారు మా దగ్గరికి వస్తే, ఆ పూత గీకడానికే పూట పోతుంది. అది కూడా బిల్లులో కనిపిస్తుంది, ముందే చెబుతున్నాను. ఇంట్లో బీడింగుకు పెట్రోలియం జెల్లీ, గ్రీజు రాసేవారు దయచేసి ఆపండి. నూనె సరుకుకు ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు వాడండి. పూతకు వాడే సిలికాన్, ఇది ఒకటి కావు.

నీటి గురించి ఇరుగుపొరుగు కూడా అడుగుతున్నారు. ఈ ఊళ్లో గంటల తరబడి కారు మీద నీళ్లు పోయడం నాకూ మనసొప్పలేదు. అందుకే పని జరిగే చోట నేలకు వాలు పెట్టించి, కింద తొట్టి కట్టించాం. ఆ నీరే వడకట్టి మళ్లీ వాడతాం, కుళాయి నీరు ముట్టం. నల్ల కార్ల వారు తెల్ల మచ్చల గురించి బెంగపడనవసరం లేదు. చివర శుద్ధి చేసిన నీటితో తుడిచి ఇస్తాం.

ఇక లెక్క. వెతికే పనికి మామూలు కార్లకు 2,500 రూపాయలు, గుడ్డ టాపు కార్లకు 4,000. దారి దొరకకపోతే ఇందులో సగమే తీసుకుంటాం. దొరికాక ఫోటోలు పంపి, మీరు సరే అన్నాకే రెండో పని మొదలవుతుంది. ఇష్టం లేకపోతే ఫోటోలు తీసుకుని వేరే షెడ్డుకు వెళ్లినా కోపం లేదు. విదేశీ కార్ల బీడింగు తెప్పించడానికి వారాలు పట్టవచ్చు. ఆ డబ్బు ముందే ఇవ్వాలి. పైన ఎండకు కార్పెట్ గంటలో ఆరినట్టు కనిపించినా, కింది ఫోమ్‌లో నీరు రోజుల తరబడి ఉంటుంది. అందుకే పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళతామంటే కుదరదు. కారు కనీసం మూడు రోజులు మా దగ్గర ఉండాలి.

వచ్చే ముందు కారు కడిగించవద్దు, కార్పెట్ ఆరబెట్టవద్దు. తడి ఎలా ఉందో అలాగే తీసుకురండి. స్పీకర్లు, బ్యాటరీ, ముందు అద్దం ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాసుకొస్తే మాకు సగం రోజు, మీకు కొంత డబ్బు మిగులుతాయి. వినాయక చవితి తరువాతి వారానికి చోట్లు నిండుతున్నాయి, ఆగస్టులోనే ఫోను చేయండి.