ఎర్రచందనం: మొక్కల లెక్క సరే, తల్లిచెట్ల లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టూ ఫామ్‌ప్లాట్ల వెంచర్లలో శ్రీగంధంతో పాటు ఎర్రచందనం నాటడం మామూలైపోయింది. ఎర్రచందనం వ్యాపారంలో మన దేశంపై ఏళ్లుగా ఉన్న ప్రత్యేక సమీక్షను సైటిస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) 2023 నవంబరులో ఎత్తేశాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. రైతుకు నాలుగు డబ్బులొస్తే సంతోషమే. కానీ ఇన్ని మొక్కలు నాటుతున్నాం కాబట్టి ఈ చెట్టుకు ఇక ఢోకా లేదనే మాట వినిపిస్తోంది. అది నిజం కాదు.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ఆంధ్రప్రదేశ్‌లోని శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లోనూ ఆ చుట్టుపక్కలా మాత్రమే. లావుపాటి చెట్లు దొంగల గొడ్డళ్లకు పోయాయి. నడుమ రోడ్లు, పొలాలు వచ్చి అడవి ముక్కలైంది. పూలకు పుప్పొడి మోసేవి ముఖ్యంగా తేనెటీగలు. పూసే చెట్లు దూరదూరంగా మిగిలితే ఆ ఈగలు ఒకే చెట్టు చుట్టూ తిరుగుతాయి. సొంత పుప్పొడితో కాయ నిలిచేది తక్కువ. నిలిచినా ఆ మొక్కలు నీరసంగా వస్తాయి. ఒక కొండ మీద నిజంగా సంతానం ఇచ్చే చెట్లు 50 ఉంటే తరానికి ఒక శాతం జన్యు వైవిధ్యం పోతుంది. ఐదే ఉంటే పది శాతం పోతుంది.

ఈ నష్టం పెద్ద చెట్ల డీఎన్‌ఏను పరీక్షిస్తే బయటపడదు. అవి అడవి ముక్కలవకముందు పుట్టినవి, పాత వైవిధ్యమే చూపిస్తాయి. అందుకే ఒక్కో కొండ మీద 30 పెద్ద చెట్లతో పాటు 30 చిన్న మొక్కల ఆకులూ తీసుకుని రెండింటినీ పోల్చాలి. నరికిన మొద్దు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఒకే మొద్దు నుంచి లేచిన మూడు కాండాలను మూడు చెట్లుగా లెక్కేయకూడదు. లేత ఆకును దాని బరువుకు పదింతల సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికలు) వేసి, జెల్ రంగు మారగానే కొత్తది వేయాలి. ఆలస్యమైతే ఆకు నల్లబడి డీఎన్‌ఏ పాడవుతుంది.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది నర్సరీలో. దారి పక్కన చేతికందే రెండు మూడు చెట్ల కింద కాయలు ఊడ్చుకొస్తే పని తొందరగా అయిపోతుంది, లక్ష మొక్కలూ అన్నదమ్ములవుతాయి. కనీసం 30 తల్లిచెట్లు (విత్తనం సేకరించే చెట్లు), ఒకదానికొకటి వంద మీటర్ల ఎడంలో ఉన్నవి ఎంచుకోవాలి. ఏ చెట్టు కాయలు ఆ సంచిలోనే, నంబరు చీటీతో ఉండాలి. రెక్కల కాయ పైకి నిండుగా కనిపించినా లోపల తాలు కావచ్చు. చెట్టుకు 50 కాయలు కోసి చూస్తే గట్టి గింజ ఎంతో తెలుస్తుంది. పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టాక కూడా అన్ని చెట్ల గింజలూ ఒకేలా మొలవవు. ఒకదానివి వందకు 60 వస్తే, ఇంకోదానివి పదే రావచ్చు. కాబట్టి విత్తనాన్ని సమానంగా తూచి కలిపితే లాభం లేదు. మడులు వేరుగా పోసి, మొలిచాక ఒక్కో చెట్టు నుంచి సమానంగా మొక్కలు కవర్లలోకి మార్చాలి. ఏపుగా ఉన్నవి ఉంచి పొట్టివి తీసేసే గ్రేడింగ్ దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. లాట్ (ఒకేసారి పెంచిన మొక్కల గుంపు) మొత్తాన్ని కలిపి ఏరితే చివరికి మిగిలేవి నాలుగైదు తల్లుల పిల్లలే. ఏ తల్లి మొక్కలను ఆ తల్లి మొక్కల్లోనే ఏరుకోవాలి.

వెంచర్లలో, కాలనీల్లో కాసిన గింజను అడవికి తిరిగి పంపకూడదని మా గట్టి అభిప్రాయం. అది ఏ కొండదో, ఎన్ని చెట్లదో చెప్పగలిగేవారు ఉండరు. కొండల మధ్య విత్తనం మార్చుకోవాల్సి వస్తే వాన, నేల దగ్గరగా ఉన్నవాటి మధ్యే మార్చాలి.

తెలంగాణలో ఏగిస, నారేప లాంటి అడవి చెట్ల మొక్కలు పెంచేవారికీ ఈ పద్ధతే వర్తిస్తుంది. రెండు రాష్ట్రాల అటవీ శాఖలు నర్సరీ రిజిస్టర్లలో, అమ్మే మొక్కల లాట్ చీటీ మీద మూడు వివరాలు తప్పనిసరి చేయాలి: కొండ పేరు, తల్లిచెట్ల సంఖ్య, సేకరించిన సంవత్సరం. అడవిలో నాటే మొక్కల విషయంలో 30 కంటే తక్కువ తల్లిచెట్ల లాట్‌ను తిప్పి పంపాలి. పరీక్షల కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు, అటవీ జీవవైవిధ్య పరిశోధన సంస్థ హైదరాబాద్ పక్కన మన దూలపల్లిలోనే ఉంది. వచ్చే ఫిబ్రవరి, మార్చిల్లో కాయలు ముదిరేలోపు తల్లిచెట్లను గుర్తించి నంబర్లు వేయించాలని కోరుతున్నాం.

– అటవీ విత్తన సేకరణ, నర్సరీ పనుల్లో ఉన్నవాళ్లం,
హైదరాబాద్