వివరాలు జిప్ లోపలే పెట్టండి

సంపాదకులకు నమస్కారం. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలవక ముందు నాటి తెలుగు ఉత్తరాలు మా ఇంట్లో ఉంటే స్కాన్ చేసి, ఆ ఫైళ్లన్నీ ఒకే ఫైలుగా కుదించి జిప్ చేశాను, ఎవరు రాశారో ఏ ఊరిదో మాత్రం వేరే ఎక్సెల్ షీట్‌లో పెట్టాను. ఆ షీట్ పోయింది. ఇప్పుడు ‘స్కాన్ 47’ తెరిస్తే ముత్తాతగారి చేతిరాత కనిపిస్తుంది గానీ ఎవరికి రాశారో చెప్పేవాళ్లు లేరు, చాలా బాధగా ఉంది.

నిజానికి జిప్‌లో ప్రతి ఫైలుకీ విడిగా కామెంట్ రాసే చోటుంది, సుమారు 65 వేల బైట్ల దాకా. యూటీఎఫ్-8లో (కంప్యూటర్లు అక్షరాలను దాచే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకి విడివిడిగా 3 బైట్ల చొప్పున పోయినా బోలెడు రాయొచ్చు. కాకపోతే విప్పి మళ్లీ జిప్ చేస్తే అది పోతుంది, అందుకే అవే వివరాలు టెక్స్ట్ ఫైలుగా కూడా లోపలే ఉంచాలి. దయచేసి దీని గురించి మీ పేపర్లో వివరంగా రాయండి.

– ఒక పాఠకుడు, గజపతి జిల్లా