అప్‌డేట్లు ఆపిన కంపెనీ తాళమూ తీయాలి

సంపాదకులకు,

ఫోన్లను బాగుచేయించుకునే హక్కు మీద మన దగ్గర చర్చ మొదలై కొన్నేళ్లయింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. మొబైల్ ఫోన్లూ ఆ పరిధిలోకి వస్తాయి. అయితే మాటంతా తెర, బ్యాటరీ, విడిభాగాల ధర దగ్గరే తిరుగుతోంది. తెర పగలకుండా, బ్యాటరీ నిలుస్తూ ఉండగానే మూలపడే ఫోన్ల సంగతి ఎవరికీ పట్టలేదు. వాటికి వచ్చిన జబ్బు ఒకటే: కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది, వేరే ఆపరేటింగ్ వ్యవస్థ ఎక్కించుకుందామంటే బూట్‌లోడర్‌కు (ఫోన్ ఆన్ కాగానే వ్యవస్థను లేపే తొలి ప్రోగ్రాం) తాళం ఉంది. ఇల్లు అమ్మేసి తాళంచెవి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నట్టుంది ఈ వ్యవహారం.

ఆ తాళం తెరుచుకుంటే ఏమవుతుందో ఒక ఫోన్‌తో చెబుతాను. పోకో ఎఫ్1 మన దేశంలో 2018 ఆగస్టులో విడుదలైంది. స్నాప్‌డ్రాగన్ 845 చిప్, కనీసం 6 జీబీ ర్యామ్, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ. ఈ రోజుకీ చిన్న పనులకు ఢోకా లేని సరుకు. కంపెనీ ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆగిపోయింది. దానితో వచ్చిన లైనక్స్ కర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే మూల ప్రోగ్రాం) 4.9 శాఖది, ఆ శాఖకు మద్దతు 2023 జనవరితో ముగిసింది. అంటే ఆ తరవాత బయటపడిన లోపాలకు అటు నుంచి మందు రాదు. ఇదే ఫోన్‌ను ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు మెయిన్‌లైన్ లైనక్స్ కర్నెల్ (లైనక్స్ బృందం ఎప్పటికప్పుడు విడుదల చేసే అసలు కర్నెల్) మీదకు తెచ్చారు. 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్ఓఎస్ దీని మీద నడుస్తుంది. ఆల్పైన్ లైనక్స్ పునాదిగా, ఫోన్‌కు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్న లక్ష్యంతో పుట్టిన వ్యవస్థ అది. వన్‌ప్లస్ 6, 6టీలలోనూ అదే చిప్, వాటికీ ఇదే దారి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ముందు స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) చూడాలి. కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరుతో 14422కు ఎస్ఎంఎస్ పంపితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. పాత యజమాని ఖాతా నుంచి సైన్ అవుట్ చేయించుకోవడం మరవొద్దు. అది చేయకపోతే పోకోలో అన్‌లాక్ ముందుకు సాగదు. పోకోకు షావోమీ ఖాతా, ఫోన్‌లో సిమ్, విండోస్ కంప్యూటర్‌లో అన్‌లాక్ ప్రోగ్రాం కావాలి. సాధారణంగా 168 గంటలు ఆగమంటుంది. తొందరపడి ఖాతాను తీసి మళ్లీ జోడిస్తే గడియారం మొదటికొస్తుంది. వన్‌ప్లస్ 6కు ఈ తతంగమేమీ లేదు. డెవలపర్ ఆప్షన్లలో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఫాస్ట్‌బూట్‌లో (కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి ఆదేశాలు తీసుకునే స్థితి) ఒక ఆదేశం ఇస్తే చాలు. ఎక్కడైనా సరే, తాళం తీయగానే ఫోన్‌లోని ఫొటోలు, డేటా అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ తరవాత చాలామంది దాటేసే మెట్టు ఒకటుంది. టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీలోకి (ఆండ్రాయిడ్ లేవకుండానే ఫోన్ విభాగాలను అందించే చిన్న వ్యవస్థ) వెళ్లి పర్సిస్ట్, మోడెంఎస్‌టీ1, మోడెంఎస్‌టీ2, ఎఫ్‌ఎస్‌జీ విభాగాల నకలు కంప్యూటర్‌లో దాచుకోవాలి. ఐఎంఈఐ, రేడియో కొలతలు, సెన్సర్ల కొలతలు ఉండేది వాటిలోనే. అవి పాడైతే సిమ్ వేసినా సిగ్నల్ రాదు. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన నకలు ఎక్కించడం పరిష్కారం కానే కాదు. ఐఎంఈఐ మార్చడం మన చట్టం ప్రకారం నేరం.

ఇక పోస్ట్‌మార్కెట్ఓఎస్ ఎక్కించడం. లైనక్స్ ఉన్న కంప్యూటర్, 10 జీబీ పైచిలుకు ఖాళీ, పీఎంబూట్‌స్ట్రాప్ అనే ప్రోగ్రాం. అందులో ఇనిట్ ఆదేశం ఇస్తే కంపెనీ పేరు, ఫోన్ సంకేతనామం (పోకోకు బెరీలియం, వన్‌ప్లస్ 6కు ఎంచిలాడా, 6టీకి ఫజీటా), తెరపై కనిపించే ముఖం (ఇంటర్‌ఫేస్) అడుగుతుంది. మొదటిసారికి ఫాష్ అనే ముఖం తీసుకోవడం మేలు. పోకోలో ఇంకో ప్రశ్న వస్తుంది, తప్పులన్నీ అక్కడే. ఆ ఫోన్‌కు రెండు కంపెనీల తెరలు వాడారు, టియాన్మా, ఈబీబీజీ. టచ్ చిప్‌లూ వేరు, మొదటిదానికి నొవాటెక్, రెండోదానికి ఫోకల్‌టెక్. పైకి చూస్తే తేడా తెలియదు. రికవరీలో ఉండగా కర్నెల్ కమాండ్‌లైన్ (బూట్‌లోడర్ కర్నెల్‌కు అందించే వివరాల వరుస) చదివితే రెండింటిలో ఒక పేరు కనిపిస్తుంది. తప్పుది ఎంచుకుంటే తెర నల్లగానే ఉండిపోతుంది. అలా అయితే ఫోన్ చచ్చిందని కంగారు పడనక్కర్లేదు, ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లి సరైన కర్నెల్ మళ్లీ ఎక్కిస్తే లేస్తుంది.

ఇన్‌స్టాల్ ఆదేశంతో ఇమేజ్ తయారవుతుంది. రూట్ ఫైల్‌సిస్టమ్‌ను (వ్యవస్థ ఫైళ్లన్నీ ఉండే భాగం) యూజర్‌డేటా విభాగంలోకి, కర్నెల్‌ను బూట్ విభాగంలోకి పంపాలి. దాంతో అయిపోలేదు, డీటీబీవో విభాగాన్ని చెరిపేయాలి. ఇందులో కంపెనీ పెట్టిన హార్డ్‌వేర్ వివరాల తొడుగు ఉంటుంది. బూట్‌లోడర్ దాన్ని తెచ్చి మెయిన్‌లైన్ కర్నెల్ వివరాల మీద కప్పుతుంది, రెండింటికీ పొంతన కుదరక ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతుంది. వన్‌ప్లస్‌లో ఏ, బీ అని రెండు స్లాట్లు (వ్యవస్థ నకళ్లకు రెండు చోట్లు) ఉంటాయి కాబట్టి రెండింటిలోనూ చెరపాలి. ఒక స్లాట్‌లో బూట్ కొన్నిసార్లు విఫలమైతే ఫోన్ దానంతటదే రెండోదానికి మారుతుంది, మనం ఎక్కించింది ఏమైందో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. మళ్లీ ఆండ్రాయిడ్‌కు వెళ్లాలంటే డీటీబీవోను తిరిగి ఎక్కించాలి.

ఫాస్ట్‌బూట్ మధ్యలో ఆగిపోతుంటే ముందు కేబుల్ మార్చండి, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మార్కెట్ నిండా ఉన్నాయి. తరవాత యూఎస్‌బీ 2 పోర్టు, లేదా మధ్యలో పాత యూఎస్‌బీ 2 హబ్ పెట్టి చూడండి. కొన్ని కొత్త కంప్యూటర్ల యూఎస్‌బీ 3 పోర్టులతో ఫాస్ట్‌బూట్‌కు పడదు. తెర వెలగకపోయినా ఫోన్ లోపల లేచిందో లేదో తెలుసుకోవచ్చు. కేబుల్ తగిలిస్తే కంప్యూటర్‌కు అది నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. 172.16.42.1 చిరునామాకు ఎస్‌ఎస్‌హెచ్‌తో (ఇంకో కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే పద్ధతి) లాగిన్ కావచ్చు. సొంతంగా ఇమేజ్ కట్టకుండా సిద్ధంగా దొరికేది వాడితే పాస్‌వర్డ్ 147147, మొదట చేయాల్సిన పని దాన్ని మార్చడం.

వైఫై, బ్లూటూత్, టచ్, గ్రాఫిక్స్ బాగానే నడుస్తాయి. వేలిముద్ర, కెమెరాల మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాటరీ ఆండ్రాయిడ్‌లో నిలిచినంతసేపు నిలవదు.

కాల్స్ సంగతి మాత్రం విడిగా చెప్పాలి. జియోకు 2జీ, 3జీ లేవు, మాట కూడా వోల్టీ (4జీ మీద కాల్) మీదే వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసే భాగం మూసిపెట్టిన కోడ్, మెయిన్‌లైన్ లైనక్స్‌లో దానికి సరైన బదులు ఇంకా కుదురుకోలేదు. కాబట్టి జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ వస్తుంది, ఫోన్ మోగదు. ఎయిర్‌టెల్, వీ సిమ్‌లతో కాల్ వచ్చినప్పుడు మోడెం 2జీకి దిగుతుంది, మాట్లాడినంతసేపూ డేటా ఆగుతుంది. విదేశాల్లోని వాడుకదారుల మాటలు చదివి ఇక్కడ దిగితే దెబ్బతినేది ఈ విషయంలోనే.

పైన్64 సంస్థ తొలి విడత 2020 ఆరంభంలో పంపిన పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్‌లో ఈ చిక్కు కొంత తక్కువ. అందులోని క్వెక్టెల్ ఈజీ25-జీ మోడెం వోల్టీని తనే చూసుకోగలదు. ఏటీ ఆదేశాలతో (మోడెంకు నేరుగా పంపే ఆదేశాలు) ఐఎంఎస్ (వోల్టీకి ఆధారమైన సేవ) ఆన్ చేసి, నెట్‌వర్క్ ప్రొఫైల్ దానంతటదే ఎంచుకునేలా పెట్టి, మోడెంను రీస్టార్ట్ చేయాలి. ఎంపిక కుదరకపోతే జాబితాలోని సాధారణ 3జీపీపీ ప్రొఫైల్‌తో ప్రయత్నించాలి. మన దగ్గరి 3, 5, 40 బ్యాండ్లు ఆ మోడెంకు వచ్చు. వెనక మూత తీస్తే మోడెం, వైఫై, మైకు, రెండు కెమెరాలకు విడివిడి స్విచ్‌లు ఉంటాయి. ఆరో స్విచ్ హెడ్‌ఫోన్ జాక్‌ను సీరియల్ కన్సోల్‌గా (ఫోన్ బూట్ సందేశాలను కంప్యూటర్‌లో చదివే దారి) మారుస్తుంది, వేగం 115200. మెమరీ కార్డు నుంచే ముందు బూట్ అవుతుంది కనుక ఎన్ని ప్రయోగాలు చేసినా లోపలిది చెడదు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఫోన్ లేదు. కానీ ఆల్‌విన్నర్ ఏ64 చిప్, 2 లేదా 3 జీబీ ర్యామ్ అంటే చాలా నెమ్మది. దిగుమతి ఖర్చు పెట్టే ముందు ఇంట్లో పడి ఉన్న ఫోన్ పేరు పోస్ట్‌మార్కెట్ఓఎస్ జాబితాలో వెతకడం తెలివైన పని.

యూపీఐ గురించి చాలామంది అడుగుతారు. లైనక్స్‌లో ఆండ్రాయిడ్‌ను ఒక పెట్టెలా నడిపే వేడ్రాయిడ్ పెట్టుకుంటే ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి కదా అంటారు. నడుస్తాయి, కానీ ఆ పెట్టెలోకి సిమ్ చేరదు, యూపీఐ యాప్ మొదట పంపాల్సిన ఎస్ఎంఎస్ వెళ్లదు. బ్యాంకు యాప్‌లు ఫోన్ స్వచ్ఛతను పరీక్షించి తలుపు మూసేస్తాయి. డబ్బు పనులకు ఇంకో ఫోన్ ఉండాల్సిందే.

తెలుగు కోసం నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ వేయాలి, లేకపోతే అక్షరాల చోట గళ్లు వస్తాయి. మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లను హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్ల డైరెక్టరీలో వేసి ఎఫ్‌సీ-క్యాష్ ఆదేశం నడిపినా చాలు. కీబోర్డుకు కాస్త ఓపిక కావాలి. ఫాష్‌తో స్క్వీక్‌బోర్డు అనే కీబోర్డు వస్తే దాని అమరిక ఒక యామెల్ ఫైలే (మామూలుగా రాసి మార్చుకోగల ఫైలు), విడుదలను బట్టి వేరే కీబోర్డూ ఉండొచ్చు కనుక ఏది నడుస్తోందో ముందు చూసుకోవాలి. మొదటి వీక్షణలో గుణింతపు గుర్తులు, హల్లులు, షిఫ్ట్ నొక్కితే అచ్చులు, ఖ, ఘ వంటి ఒత్తక్షరాలు అన్నట్టు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో రాసుకోవచ్చు. పొల్లుకు ఒక మీట తప్పనిసరి. దానితోపాటు యూ+200సీ అనే కనిపించని అక్షరానికీ ఒక మీట పెట్టాలి. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టినప్పుడు టకారం కింద వకారం ఒత్తుగా దిగిపోతుంది. కర్నెల్ జోలికి పోకుండానే తెలుగువాళ్లు ఒక సాయంత్రంలో చేసి పెట్టగల పని ఇది.

కాల్స్ అక్కర్లేని వారికి ఇలాంటి ఫోన్ ఇంట్లో పాటల సర్వర్‌గా, ఫైళ్ల సర్వర్‌గా పనికొస్తుంది. కరెంటు పోయినా కాసేపు ఆగదు. రోజంతా చార్జర్‌కు తగిలించి ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బుతుంది, వెనక మూత లేస్తే బ్యాటరీని వెంటనే తీసేయాలి, దాన్ని పొడవకూడదు. టైమర్ ప్లగ్ పెట్టి రోజుకు కొద్ది గంటలే కరెంటు ఇస్తే నయం.

ఇదంతా తాళం తెరుచుకునే ఫోన్ల కథ. తాళమే తీయనివ్వని ఫోన్లు, తీయడానికి కంపెనీ సర్వర్ అనుమతి కావాల్సిన ఫోన్లు ఎన్నో. ఆ సర్వర్‌ను రేపు మూసేస్తే అడిగేదెవరిని? అందుకే బాగుచేయించుకునే హక్కు నిబంధనల్లో రెండు మాటలు చేర్చాలి. అప్‌డేట్లు ఆపిన రోజు నుంచి ఆ మోడల్‌కు అన్‌లాక్ ఉచితంగా, సర్వర్‌తో పని లేకుండా దొరకాలి. ఆ ఫోన్‌లో వాడిన కర్నెల్ సోర్స్ పూర్తిగా అందుబాటులో ఉండాలి. కర్నెల్ లైసెన్సు అయిన జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం రెండోది ఇప్పటికే వాళ్ల బాధ్యత.

తాళం తీయనిస్తే దొంగలకు పండగ అనే వాదన ఉంది. తాళం తీసినా ఐఎంఈఐ మారదు. పోయిన ఫోన్‌ను ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయిస్తే ఏ వ్యవస్థ ఎక్కించినా మన నెట్‌వర్క్‌లలో అది పనిచేయదు. లోపలి డేటా అన్‌లాక్‌తోనే తుడిచిపెట్టుకుపోతుంది. పైగా తెర లాక్ తీసి ఫోన్ సెట్టింగుల్లోంచి అనుమతిస్తేనే అన్‌లాక్ మొదలయ్యే ఏర్పాటు చాలా ఫోన్లలో ఇప్పటికే ఉంది, దాన్ని అలాగే ఉంచమనే అడుగుతున్నాం.

ఇట్లు,
పాత ఫోన్లలో లైనక్స్ నడిపే ఒక పాఠకుడు,
హనుమకొండ