భూమే ఉంటే తీగలెందుకు చుడతాను?

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. 11 ఏళ్లు ఒక ఫ్యాక్టరీలో మోటార్ల మరమ్మతు చూశాను. ఆర్డర్లు తగ్గాయని నిరుడు ఇంటికి పంపారు. మళ్లీ ఒకరి గేటు ముందు నిలబడలేక, మిర్యాలగూడ వెళ్లే దారిలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని మోటారు వైండింగు మొదలుపెట్టాను.

యాసంగిలో బోరు మోటారు కాలితే రైతు తెల్లారేసరికి కావాలంటాడు. పొలం ఎండుతుంటే ఆగలేడు కదా. మాడిన తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టాలి. డబ్బు మాత్రం వడ్లు అమ్మాకే. రాగి తీగ అమ్మేవాళ్లు నాకు అరువివ్వరు.

అందుకే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్ర రుణం అడిగాను, రెండు లక్షలు. 2015లో మొదలైన ఈ పథకానికి పూచీకత్తు అక్కర్లేదు. బ్యాంకులో మాత్రం భూమి పాసుపుస్తకం తెమ్మన్నారు, జీతం స్లిప్పు కూడా! (ఉద్యోగం ఉన్నప్పుడు రుణమిస్తామని వాళ్లే ఫోను చేసేవారు.)

జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల కమిటీకి మీరే అధ్యక్షులు. ఎంత రుణమిచ్చారన్న లెక్కతోపాటు ఎన్ని దరఖాస్తులు, ఏ కారణంతో తిప్పి పంపారో శాఖలవారీగా అడగండి. కాదన్న కారణం కాగితం మీద రాసివ్వమనండి. నాకు నోటిమాటే దక్కింది.

ఇట్లు,
ఒక మోటారు మెకానిక్