ఫిల్మోగ్రఫీ అంటే పొగడ్త కాదు

గాంధీనగర్,
విజయవాడ

అమ్మలూ,

కాలేజీకి రాస్తున్న వ్యాసం చదివాను. ‘సావిత్రి ఫిల్మోగ్రఫీ ఎవరికీ అందని నటన’ అని రాశావు. ఆ మాట అక్కడ అతకదు. ఫిల్మోగ్రఫీ అంటే ఒక మనిషి పనిచేసిన సినిమాల పట్టిక, అంతే. పుస్తకాల పట్టికను బిబ్లియోగ్రఫీ అంటారే, దాన్ని చూసి కట్టిన మాట. ఎదుగుదల గురించైతే ‘సినీ ప్రస్థానం’ అను. పట్టికకు ‘చిత్రమాలిక’ అని కూడా రాస్తారు గానీ, నాకైతే ‘నటించిన సినిమాలు’ అంటేనే హాయి.

ఐదు గళ్లు గీసుకో: ఏడాది, పేరు, భాష, పాత్ర, గమనిక. ఏడాది అంటే విడుదలైన ఏడాది, సెన్సారు అయినది కాదు. సంక్రాంతి సినిమాకు సెన్సారు డిసెంబరులోనే అయిపోవచ్చు. ఏడాది తారుమారయ్యేది అక్కడే.

నీ పట్టికలో ‘మాయాబజార్’ చూడు. తెలుగుది 1957 మార్చి 27న వచ్చింది. సావిత్రి శశిరేఖ, అభిమన్యుడు నాగేశ్వరరావు. తమిళం కూడా ఆ ఏడాదే. అందులో ఆవిడ వత్సల, అభిమన్యుడు జెమినీ గణేశన్. అభిమన్యుడే మారాడు కాబట్టి ఇది డబ్బింగ్ కాదు, రెండు వరుసలు వెయ్యాలి. డబ్బింగ్ అయితే వరుస దండగ, గమనికలో ఒక ముక్క చాలు. 2010లో రంగులద్ది వదిలిన ప్రింటూ అంతే. నువ్వు దాన్ని కొత్త సినిమాగా లెక్కేసి 2010 దగ్గర పెట్టావు. ఆవిడ పోయింది 1981లో తల్లీ!

పేరు పక్కన ఏడాది లేకపోతే ‘దేవదాసు’ ఎవరిదో తెలియదు. 1953లో నాగేశ్వరరావుది, 1974లో కృష్ణది, 2006లో రామ్‌ది.

దర్శకత్వం చేసినవాటికి వేరే పట్టిక. ‘చిన్నారి పాపలు’ (1968) అందులోకి వెళ్తుంది. మొదలెట్టి ఆగిపోయినవి దేంట్లోనూ ఎక్కించకు.

సినిమా మొదట్లో పడే టైటిల్స్, పాటల పుస్తకం, విడుదల నాటి పేపరు ప్రకటన, ఈ మూడింట్లో రెండు కలిస్తేనే సిరాతో రాయి. అందాకా పెన్సిలే. టైటిల్స్‌లో పేరు లేకుండా తెరమీద కనబడితే ఆ సంగతి గమనికలో పెట్టు. పాత్ర పేరు దొరక్కపోతే గడి ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు. మొత్తం ఎన్ని సినిమాలన్న అంకె మాత్రం అన్నిటికన్నా చివర, వరుసలు నువ్వే లెక్కపెట్టాక వెయ్యి.

మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి అందిందా?

నాన్న