ఫోన్ లాక్కుంటే పిల్లలు నోరు విప్పరు

సంపాదకులకు,

పిల్లలకు ఆన్‌లైన్‌లో ఎదురవుతున్న వేధింపులపై మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. వాటిపై జరిగే చర్చ మాత్రం సెల్‌ఫోన్ వ్యసనం, తల్లిదండ్రుల నిర్లక్ష్యం అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ఉన్నత పాఠశాలలో చాలా కాలం పనిచేసి విరమించిన ఉపాధ్యాయినిగా నాకు అంతకంటే ముఖ్యమనిపించే విషయం మరొకటి ఉంది. ఫోన్‌లో చెడు ఏదైనా ఎదురైతే మన పిల్లలు ఇంట్లో చెప్పరు, బడిలోనూ చెప్పరు. చెబితే ముందు ఫోన్ లాక్కుంటారని, తర్వాత దెబ్బలు పడతాయని, ఆడపిల్ల అయితే చదువు మాన్పించి సంబంధాలు వెతకడం మొదలుపెడతారని వాళ్లకు తెలుసు. బెదిరించేవాడి బలమంతా ఈ భయంలోనే ఉంది. “మీ నాన్నకు పంపిస్తాను” అన్న ఒక్క మాటతో వాడు ఆ పిల్ల దగ్గర మరో ఫోటో రాబట్టుకుంటాడు. మగపిల్లవాడైతే ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి డబ్బు వేయించుకుంటాడు.

అసలు ఫోనే ఇవ్వకపోతే పోలేదా అనేవారున్నారు. 2020లో బడులు మూతపడినప్పుడు ఫోన్‌ను పిల్లల చేతిలో పెట్టింది మనమే. హోంవర్కును ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో పెట్టే బడులు ఎన్నో ఉన్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచింది. పిల్లల చదువుపై దేశవ్యాప్తంగా గ్రామాల్లో జరిపిన అసర్ 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు. వారిలో అంతకుముందు వారంలో చదువు కోసం దాన్ని వాడినవారు 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసి, ఆ బాధ్యతను కంపెనీల మీదే పెట్టింది. ఆ ప్రయత్నాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉండి, ఖాతా నాన్న పేరు మీదో అన్నయ్య పేరు మీదో నడిచే మన ఇళ్లలో వయసు నిర్ధారణ ఎంతవరకు పనిచేస్తుందో నాకు సందేహమే.

విషయం బయటపడినా చాలామంది తల్లిదండ్రులు పోలీస్ స్టేషన్ గడప తొక్కడానికి జంకుతారు. పరువు పోతుందన్న వారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకునే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టంలో కొన్ని ఏర్పాట్లు చేశారన్న సంగతి ఊళ్లలో ఎంతమందికి చేరిందో అనుమానమే. బాధిత బాలలు స్టేషన్‌కు రానక్కరలేదు. వారి ఇంట్లో గాని వారు కోరిన చోట గాని, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పిల్లల పేరు, ఇల్లు, బడి వంటి ఆనవాళ్లేవీ పత్రికలు బయటపెట్టకూడదు. తరగతి ఫోటోలోని ముఖాన్ని తీసి అసభ్యంగా మార్చినా నేరమే. అలా మార్చిన బొమ్మలు కూడా చట్టం పరిధిలోకి వచ్చేలా 2019లో సవరణ చేశారు. మరో సంగతి ప్రధానోపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన పెద్దవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. బడి పేరు పోతుందని దాచిపెడితే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇరు కుటుంబాలను పిలిచి గదిలో రాజీ కుదర్చడం మంచితనమనుకునే వారు మా వృత్తిలో ఇప్పటికీ ఉన్నారు.

కంగారులో ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని అన్నీ డిలీట్ చేయడం. దాంతో సాక్ష్యం పోతుంది. చాట్, బెదిరించినవాడి ఖాతా పేరు, తేదీ, డబ్బు పంపిన వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి; పిల్లల ఫోటోను మాత్రం రుజువు కోసమని కూడా బంధువులకో స్టాఫ్ గ్రూపుకో పంపకూడదు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లలకు సహాయం కోసం 1098 ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలపై నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు వారి నగ్న చిత్రాలు పాకకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫోటో ఫోన్ దాటి వెళ్లదు, దాని గుర్తు సంఖ్య మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరుతుంది.

ఇవన్నీ పనికి రావాలంటే పిల్లలు ముందు ఎవరో ఒకరితో చెప్పుకోవాలి. అందుకే ప్రతి ఉన్నత పాఠశాలలో పిల్లలు నమ్మే ఒక టీచరును ఈ పనికి నియమించాలని, చెప్పినవారి ఫోన్ లాక్కోరని, ప్రార్థన సమయంలో పేరెత్తరని, చదువుకు అడ్డం రానివ్వరని బడి, తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా మాట ఇవ్వాలని నా విన్నపం. రాసిపెట్టనిదే ఇలాంటి మాటలు కోపంలో నిలవవు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లోని మహిళా పోలీసులు నెలకోసారి బడికి వచ్చి కూర్చున్నా ఎంతో మేలు. తోటి విద్యార్థే ఫోటో మార్చిన సందర్భాల్లో వాడూ పిల్లవాడేనని మరిచిపోకూడదు. టీసీ ఇచ్చి పంపేస్తే సమస్య పక్క బడికి మారుతుందంతే.

ఇక బడులు తమంతట తామే చేస్తున్న తప్పు ఒకటుంది. ఫలితాలు రాగానే పిల్లల ఫోటో, పూర్తి పేరు, హాల్‌టికెట్ నంబరు, మార్కులు కలిపి ఫ్లెక్సీల మీదా సోషల్ మీడియాలోనూ పెడతారు. ముక్కూ మొహం తెలియనివాడు పరిచయస్తుడిలా మాట కలపడానికి ఇంతకంటే ఇంకేం కావాలి? పిల్లల వివరాలను డిజిటల్‌గా వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చే ర్యాంకుల ప్రకటనలూ ఇదే కోవలోవి కనుక, మీకు కాస్త ఇబ్బందిగా ఉన్నా ఈ పేరా తీసివేయకుండా ప్రచురించమని కోరుతున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఒకే రోజు మెగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపించిన విద్యాశాఖకు ఈ విషయం ఇంటింటికీ చేర్చడం కష్టం కాదు. వచ్చే సమావేశంలో ఉపన్యాసాలు కొంత తగ్గించి, పైన చెప్పిన హామీని తెలుగులో ఒక పేజీలో ముద్రించి, తల్లిదండ్రుల చేత, ప్రధానోపాధ్యాయుల చేత సంతకాలు చేయించి, ఒక ప్రతిని ఆ బిడ్డ చేతికే ఇప్పించాలని కోరుతున్నాను. ప్రైవేటు పాఠశాలలకూ ఇదే షరతు పెట్టాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి