శనివారం పని: కొటేషన్లలోని ఇమేజ్ పేర్లు

ఐఓఎస్ మిత్రులందరికీ నమస్కారం.

ఈ శనివారం ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం. పని ఒక్కటే: కోడ్‌లో ఇమేజ్‌లను, రంగులను కొటేషన్ల మధ్య పేరు రాసి పిలవడం మానేద్దాం. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా కోడ్‌ను యాప్‌గా మార్చే కంపైలర్ నోరు మెదపదు. యాప్ తెరిచాక ఐకాన్ ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది.

2023లో వచ్చిన ఎక్స్‌కోడ్ 15 (ఐఓఎస్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి అసెట్ క్యాటలాగ్‌లోని (యాప్ ఇమేజ్‌లు, రంగులు ఉంచే చోటు) ఇమేజ్‌లకూ రంగులకూ స్విఫ్ట్ భాషలో వాడే పేర్లు వాటంతటవే తయారవుతాయి. కోడ్‌లో చుక్క పెడితే ఆ పేర్ల జాబితా వస్తుంది. కోడ్‌లో వాడుతున్న ఇమేజ్ తొలగిస్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది. (ఆండ్రాయిడ్ వాళ్లు నవ్వకండి, మీకు ఇదే పని చేసే ఆర్ క్లాస్ మొదటి నుంచీ ఉందని తెలుసు!)

ముందుగా ఎక్స్‌కోడ్ వెర్షన్ చూసుకోండి, ప్రాజెక్టులో కొత్త బ్రాంచ్ (మార్పుల కోసం కోడ్‌కు విడి శాఖ) తీసి ఉంచండి.

సర్వర్ పంపే పేర్లతో తెరిచే ఇమేజ్‌ల జోలికి వెళ్లకండి. వాటికి పాత పద్ధతే దిక్కు.

వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి.